నాటు పడవ మీద కోరంగి మడ అడవుల్లో రెండు మూడు రాత్రులు: వేట, మకాం, అనుమతులు

లంకపొలం_శీను
మా బావ మిన్నెసోటాలో ఉంటాడు. అక్కడ చలి ముదరకముందే కెనూ అనే తేలికైన తెడ్డు పడవ వేసుకుని, మనిషి జాడ లేని సరస్సుల్లో తెడ్డేసుకుంటూ పోయి, గుడారం వేసుకుని వేటాడి వస్తారు. ఆ ఫొటోలు చూసినప్పటి నుంచి మా బ్యాచ్‌కి నిద్ర పట్టట్లేదు. బావ డిసెంబరులో ముమ్మిడివరం వస్తున్నాడు. నలుగురం కలిసి ఇంజను లేని పడవ మీద యానాం నుంచి దిగి, కోరంగి మడ అడవుల్లోంచి కాకినాడ ఎదురుగా ఉన్న ఇసుక దీవి హోప్ ఐలాండ్ దాకా వెళ్ళి రావాలని ప్లాను. పడక కూడా అక్కడే. గేలాలు, పీతలు, కుదిరితే చలికాలం బాతులు. ఒకడి దగ్గర ఎయిర్‌గన్ ఉంది.

పడవ ఎక్కడ దొరుకుతుంది? ఎంత సామాను పడుతుంది? ఏ తిథి చూసుకుని బయల్దేరాలి? ఎవరిని అడగాలి? ఊరికే "వద్దు" అనేవాళ్ళు పక్కకి జరగండి, ఆ నీళ్ళలో తిరిగినవాళ్ళు చెప్పండి.

పంటు_కోసం_పరుగు
పక్కకి జరిగాను.

గేలంరాజు
బాతులు, ఎయిర్‌గన్ అన్న ముక్కలు ముందు తీసెయ్ తమ్ముడూ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో సరదా వేట అనేదే లేదు. చంపితేనే కాదు, ఉచ్చు వేసినా, వల పన్నినా, తరిమినా, ప్రయత్నం చేసినా వేట కిందే లెక్క. ఎయిర్‌గన్‌కి మినహాయింపు ఏమీ లేదు. అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగు పెట్టడమే వేరే నేరం. 2022 సవరణ తర్వాత మామూలు కేసులకే జరిమానా లక్ష దాకా పెంచారు, జైలు మూడేళ్ళ దాకా. పడవ కూడా పట్టుకుపోతారు. పడవ నీది కాదు, ఎవరో మత్స్యకారుడిది. వాడి పొట్ట కొట్టినవాడివి అవుతావు.

గేలం సంగతి వేరు. అది మాట్లాడదాం.

లంకపొలం_శీను
గేలంరాజు అన్నా, మా తాతగారి కాలంలో కొల్లేటికి వెళ్ళి బాతులు కొట్టుకొచ్చేవారు అని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత పెద్ద నేరమని తెలీదు. సరే, గన్ ఇంట్లోనే ఉంటుంది.

చిర్రెత్తినోడు
తాతగారి కాలంలో కట్నం కూడా ఎద్దుల బండి మీద వచ్చేది. అదీ అడుగుతావా?

రేవుపిల్ల
కాకినాడలో జువాలజీ చెబుతాను, పిల్లల్ని తీసుకుని కోరంగి వెళుతుంటాను. శీను గారూ, మీరు వెళ్ళాలనుకునేది మామూలు అడవి కాదు. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులో బావురు పిల్లి, నీటికుక్క ఉంటాయి, రెండూ ఆ చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువులు. వీటి జోలికెళితే కనీసం మూడేళ్ళు. హోప్ ఐలాండ్ వైపు ఇసుక తిన్నెల మీద జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. మీరు ఒడ్డున క్యాంప్‌ఫైర్, లైట్లు, పాటలు పెడితే పైకి వచ్చే తాబేలు వెనక్కి తిరిగి సముద్రంలోకి పోతుంది.

లోపలికి అనుమతి లేకుండా వెళ్ళకూడదు, రాత్రి ఉండడం అసలే కుదరదు అనుకోండి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తరతరాలుగా అక్కడ చేపలు పట్టుకుంటున్నారు. వాళ్ళకున్న వెసులుబాటు మనకి రాదు. కాకినాడలో అటవీ శాఖ వాళ్ళని ముందే కలిసి, ఏ ఏరు దాకా పోనిస్తారో రాతపూర్వకంగా అడగండి. చెక్క వంతెన నడక, బోటు షికారు వరకైతే అందరికీ తెరిచే ఉంటుంది.

పంటు_కోసం_పరుగు
అంటే టికెట్టు కొనుక్కుని, చెక్క వంతెన మీద సెల్ఫీ దిగి, సమోసా తిని రావడమే సాహసం అన్నమాట.

భైరవపాలెం_బుల్లోడు
సమోసా తిని వెళ్ళినవాళ్ళే క్షేమంగా వెళతారండి. సాహసం అని వచ్చినవాళ్ళని మేం వెతకాలి.

శీను గారు తిథి అడిగారు కాబట్టి చెబుతున్నాను. మాకు అన్నిటికంటే ముందు పోటు, పాటు. సముద్రపు నీరు ఎక్కితే పోటు, దిగితే పాటు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. రేపటి పోటు ఇవాళ్టికంటే ముప్పావు గంట పైన ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకి, పౌర్ణమికి నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి, నవమికి ఎక్కీ ఎక్కనట్టు, దిగీ దిగనట్టు ఉంటుంది. కొత్తవాళ్ళు అష్టమి రోజుల్లోనే దిగాలి. పౌర్ణమికి వెన్నెల బావుంటుందని వస్తారు. పాటు లాగేటప్పుడు ఏట్లో ఎదురు తెడ్డు వేయడం మా వల్లే కాదు, మీ వల్ల ఏమవుతుంది? పోటుతో లోపలికి, పాటుతో బయటికి. అంతే. నీరు ఎటు పోతే అటు. మధ్యలో నీళ్ళు ఆగిన కాసేపట్లో గెడ, అంటే పొడుగు కర్ర, వేసుకుని అడ్డంగా దాటుకోవాలి.

కాకినాడ_కాజా
బుల్లోడు గారు చెప్పిన పాటు సంగతి మేం అనుభవించాం. ఒక ఏజెంటు "నేను చూసుకుంటా" అని బోటు మాట్లాడిపెట్టాడు. కాకినాడ బేలో మధ్యాహ్నం ఎండలో తెరచాప కింద పడుకుని ఉన్నాం. లేచేసరికి నీళ్ళు లేవు. పడవ కింద బురద. చుట్టూ కనుచూపు మేర బురదే. దిగి తోద్దామని ఒకడు కాలు పెడితే తొడ దాకా దిగింది. మిగతావాళ్ళం తెడ్డు అందించి లాగాం, చెప్పు అక్కడే ఉండిపోయింది. మళ్ళీ పోటు వచ్చేదాకా ఆ ఎండలో కూర్చోవడమే. తాగే నీళ్ళు అయిపోయాయి. ఏజెంటు ఫోను స్విచాఫ్.

చిర్రెత్తినోడు
ఆ చెప్పు ఇప్పుడు ఏదో మండపీతకి సొంతిల్లు అయ్యుంటుంది.

మిన్నెసోటా_బావ
ఆ బావని నేనే. శీనుగాడు నన్ను అడక్కుండా నన్ను హీరోని చేసేశాడు. కాస్త చెప్పనివ్వండి.

మేం వెళ్ళేది బౌండరీ వాటర్స్ అనే చోటికి, కెనడా సరిహద్దున. పది లక్షల ఎకరాల పైన సరస్సులు, అడవి. అక్కడ కూడా ఎవరి ఇష్టం వాళ్ళది కాదు. రాత్రి ఉండాలంటే పర్మిట్. మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా ఏ దారిలో రోజుకి ఎన్ని బృందాలు దిగాలో కోటా ఉంటుంది. ఒక బృందానికి తొమ్మిది మంది, నాలుగు పడవలు మించకూడదు. గాజు సీసాలు, డబ్బాల్లో సీలు చేసిన తిండి తేకూడదు. చాలా సరస్సుల్లో ఇంజను నిషేధం. మిన్నెసోటాలో 1979 తర్వాత పుట్టినవాళ్ళు వేట లైసెన్సు తీసుకోవాలంటే తుపాకీ భద్రత కోర్సు పాసయ్యుండాలి. మూస్ అనే పెద్ద దుప్పి ఉంది చూడండి, ఇక్కడ వాటి సంఖ్య పడిపోయిందని 2013లో రాష్ట్రం ఆ వేటే ఆపేసింది. మేం వెళ్ళేది ఎక్కువగా గ్రౌస్ అనే కోడి జాతి పక్షికి, కొన్నిసార్లు తెల్లతోక దుప్పికి.

ప్లానింగులో సగం బరువు లెక్కే. ఒక సరస్సుకీ ఇంకో సరస్సుకీ మధ్య నేల మీద పడవ నెత్తిన పెట్టుకుని నడవాలి, సామాను మోసుకోవాలి. మా కెనూ తేలికది, ఇరవై కిలోలు ఉంటుంది. దుప్పి దొరికిందనుకోండి, ఆ మాంసం అంతా కోసి, చల్లగా ఉంచి, అదే దారిలో వెనక్కి మోయాలి. అందుకే మాలో అనుభవం ఉన్నవాళ్ళు పడవకి దగ్గరలో తప్ప కాల్చరు. అడవి లోపలికి రెండు కిలోమీటర్లు వెళ్ళి పెద్ద జంతువుని పడేస్తే, సంబరం ఆ సాయంత్రం వరకే. మర్నాటి నుంచి నడుము పట్టేస్తుంది.

లంకపొలం_శీను
బావా, ఫొటోల్లో ఈ మోత ఎక్కడా కనపడలేదు.

మిన్నెసోటా_బావ
మోసేటప్పుడు ఫొటో ఎవడు తీస్తాడ్రా.

రిటైర్డు_లస్కరు
అందరూ తలా ఒకటి చెప్పారు, బావుంది. నేను కాలవల మీద నౌకరీ చేసినవాణ్ణి, నీళ్ళ విషయంలో నాలుగు ముక్కలు.

మొదటిది రుతువు. డిసెంబరు అన్నారు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మన తీరానికి తుఫాన్ల నెలలు. 1996 నవంబరు 6 రాత్రి గురించి ఈ సైటులో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తుఫాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది, వెయ్యి మందికి పైగా పోయారు. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు ఇళ్ళలో మగవాళ్ళు చాలామంది ఆ రోజు సముద్రం మీద ఉన్నారు. కాబట్టి సంక్రాంతి వెళ్ళాక జనవరి చివరలో పెట్టుకోండి. తెల్లవారుజామున మంచు పడుతుంది, కనపడదు, కాబట్టి సూర్యుడు పైకొచ్చాకే పడవ విప్పండి. అదే పులస చేప తినాలని జులై, ఆగస్టు అంటే మాత్రం వద్దే వద్దు. వరద గోదావరి మీద తెడ్డు పడవ అనే మాటే మాట్లాడకండి.

రెండోది దారి. కోరంగిలోకే ఎందుకు పోవాలి? ధవళేశ్వరం ఆనకట్ట కింద గోదావరి పాయ గౌతమి ఉంది. దాళ్వా వరికి, అంటే రెండో పంటకి, నీరంతా కాలవలకి వదిలేస్తారు కాబట్టి జనవరిలో ఆనకట్ట కింద నదిలో నీరు తక్కువ, ఎక్కడికక్కడ ఇసుక మేటలు తేలతాయి. కోటిపల్లి రేవులో పడవ వేసుకుని లంకల, అంటే నది మధ్య దీవుల, పక్కనుంచి యానాం దాకా దిగండి. ఎదుర్లంక వంతెన కనపడితే ఆగిపోండి. అభయారణ్యం గొడవ లేదు. రాత్రి లంకలో ఎవరిదైనా తోటలో, యజమానిని అడిగి పడుకోండి. మన జిల్లాలో అడిగితే కాదనరు, పైగా కొబ్బరి బొండాలు దింపి పెడతారు.

పంటు_కోసం_పరుగు
కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వైపు నది దాటించే పంటు ఎక్కడానికే నా జీవితం సగం అయిపోయింది. ఇంక యానాం దాకా నదిలోనే అంటున్నారు.

గేలంరాజు
లస్కరు గారి దారికి నా ఓటు. గేలానికి కూడా యానాం పైనే మజా, మంచినీరు, ఉప్పునీరు కలిసే చోటు కదా. పండుగప్ప చేప కావాలంటే కాలవ మొగల దగ్గర, అంటే కాలవ నదిలో కలిసే చోట, కాచుకోవాలి. పాటు మొదలయ్యాక పక్క ఏళ్ళలోంచి రొయ్య, చిన్న చేప నీటితో పాటు బయటికి కొట్టుకొస్తాయి. పండుగప్ప ఆ మొగ దగ్గర నోరు తెరుచుకుని ఉంటుంది. బతికున్న రొయ్యని తోక దగ్గర గుచ్చి వదలండి, ఎదురీదనివ్వండి. గట్టిగా కొట్టినప్పుడు తెడ్డు వదిలేసి రాడ్డు పట్టుకోవద్దు, ఒకరు పడవ చూసుకోవాలి. పట్టినదాంట్లో చిన్నవి వదిలేస్తే మంచిది.

భైరవపాలెం_బుల్లోడు
రాజు గారూ, మీరు వదిలేస్తారు, సంతోషం. కానీ మొన్నొక బ్యాచ్ వచ్చింది, మా వాళ్ళ మావు వలల పక్కనే గేలాలు వేసి, వల తాడుకి పడవ కట్టుకుని కూర్చున్నారు. తాడు తెగితే నష్టం ఎవరికి? మీకు సరదా, మాకు వేట అంటే బియ్యం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను పడవలు సముద్రం మీదకి పోకూడదు, ఆ రెండు నెలలూ మేం ఎలా బతుకుతామో తెలుసా? ఆ రోజుల్లో కూడా కొందరు సరదాకి వచ్చి బ్యాగులు నింపుకుని పోతారు.

గేలంరాజు
బ్యాగులు నింపేవాళ్ళు గేలగాళ్ళు కాదు. వాళ్ళని మాతో కలపకండి. నలుగురు గేలం వేస్తే నదిలో చేప తరిగిపోదు, మందు పోసి పట్టేవాళ్ళ వల్ల తరుగుతుంది.

భైరవపాలెం_బుల్లోడు
మందు పోసేవాళ్ళని మేమే పట్టిస్తున్నామండి. అది వేరే సంగతి. నేను చెప్పేది ఒక్కటే, వల కనపడితే దూరంగా జరగండి, పక్క ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు రేవులో ఒక మాట చెప్పండి.

గేలంరాజు
అది న్యాయమే.

రేవుపిల్ల
పీతల ప్రస్తావన వచ్చింది కాబట్టి: కడుపు కింద గుడ్ల సంచి ఉన్న ఆడపీత పడితే దయచేసి వదిలెయ్యండి. దాన్ని తిప్పి చూడగానే తెలుస్తుంది, కింద నారింజ రంగు గుడ్లు ముద్దగా అంటుకుని ఉంటాయి.

శ్రీరామపురం_అత్త
ఆ తిప్పి చూసేటప్పుడే కదమ్మా వేలు పోయేది.

భైరవపాలెం_బుల్లోడు
అత్తా, తిప్పేముందు కట్టాలి. మండపీతని వెనకనుంచి కాలి మడమతో డిప్ప మీద అదిమి పట్టాలి, గట్టిగా తొక్కకూడదు. అప్పుడు డెక్కలు ముందుకి ముడుస్తుంది. నారతాడు ఒక డెక్క కింద నుంచి తెచ్చి, డిప్ప ముందు చుట్టి, రెండో డెక్కకి తిప్పి వెనక ముడి వెయ్యాలి. మధ్యలో కాలు లేపితే అంతే సంగతులు. పట్టుకుందంటే లాగకండి, నీళ్ళలో పెట్టండి, వదిలేస్తుంది. కొత్తవాళ్ళు కట్టిన పీతనే కొనుక్కోండి. రేటు కూడా మంచిదే ఇప్పిస్తాను.

చిర్రెత్తినోడు
ఇదిగో, మార్కెటింగు మొదలైంది.

లంకపొలం_శీను
లస్కరు గారి మాట విన్నాక ప్లాను మారుస్తున్నాం. గౌతమి లంకల్లో మకాం, కోరంగి మాత్రం ఒక పగలు అనుమతితో. పడవ సంగతి ఎవరూ చెప్పలేదు. తాటి మొద్దు తొలిచి చేసే తాటిదోనె అయితే కెనూలాగే ఉంటుందని ఒకడంటున్నాడు.

రిటైర్డు_లస్కరు
తాటిదోనె కొల్లేట్లో, చెరువుల్లో పనికొస్తుంది, కదలని నీరు. మీరు నలుగురు, సామాను, గౌతమి మీద గాలి లేస్తే వచ్చే అల. అందులో దోనె బోర్లా పడడానికి ఎంతసేపు? చెక్క నావ తీసుకోండి, అడుగు వెడల్పుది. గెడ ఒకటి, తెడ్లు రెండు, చుక్కాని, లంగరు. నీరు తోడడానికి ఒక డబ్బా.

భైరవపాలెం_బుల్లోడు
ఇంజను కూడా పెట్టుకోండి. వాడమని కాదు. అవసరానికి.

లంకపొలం_శీను
ఇంజను పెడితే ఇంకేం సాహసం బుల్లోడు గారూ. తెడ్డు మీదే పోవాలని మా పంతం.

భైరవపాలెం_బుల్లోడు
పంతం నీళ్ళ దగ్గర పనికిరాదు. నది మధ్యలో ఉన్నప్పుడు సముద్రపు గాలి ఎదురు లేస్తే మధ్యాహ్నం దాటాక తెడ్డుతో అంగుళం కదలదు. మేం కూడా గాలి లేవకముందే రేవు చూసుకుంటాం.

మిన్నెసోటా_బావ
బుల్లోడు గారితో నేను. మా దగ్గర కూడా పెద్ద సరస్సు తెల్లారి దాటేస్తాం, గాలి లేచాక ఒడ్డునే కూర్చుంటాం. ప్రోగ్రాంలో గాలి కోసం ఒక రోజు ఖాళీగా ఉంచుతాం. శీనూ, మీ ప్లానులో ఒక్క గంట కూడా ఖాళీ లేదు. మూడో రోజు సాయంత్రమే రైలు పెట్టావు.

కాకినాడ_కాజా
లైఫ్ జాకెట్లు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ ప్రమాదం తర్వాత కూడా జాకెట్టు బొజ్జ మీద కూర్చోవట్లేదని పక్కన పడేసేవాళ్ళని చూస్తున్నాను. ఈతొచ్చినవాడికీ కావాలి, ప్రవాహంలో చొక్కా, ప్యాంటు తడిశాక ఈత ఎంత వస్తుందో తెలుస్తుంది. మనిషికి ఒకటి, కొలత చూసి, రేవులోనే తొడుక్కుని బెల్టులు బిగించండి.

శ్రీరామపురం_అత్త
తిండి సంగతి ఏ మగాడూ మాట్లాడలేదు. మొదటి రోజుకి పులిహోర, చింతపండు ఎక్కువేసి పోపు గట్టిగా పెట్టండి, మర్నాటికీ ఉంటుంది. అటుకులు, బెల్లం, ఆవకాయ. ఎండుచేప వద్దు, వాసనకి లంకలో కుక్కలన్నీ మీ గుడారం చుట్టూ చేరతాయి. తాగే నీళ్ళు మనిషికి రోజుకి ఐదు లీటర్లు లెక్కేసుకోండి, వంటతో కలిపి. యానాం దగ్గర నీరు ఉప్పు తగులుతుంది, కాచినా ఉప్పు పోదు. పీతల పులుసు అంటూ కలలు కంటున్నారు కానీ, మసాలా నూరి పట్టుకెళ్ళడం మర్చిపోతే ఉత్త నీళ్ళలో ఉడకబెట్టుకోవాల్సిందే.

చిర్రెత్తినోడు
అత్తా, మీరే పడవ ఎక్కితే బావుంటుంది.

శ్రీరామపురం_అత్త
నాకు నీళ్ళంటే భయం. మసాలా మాత్రం ఇస్తాను.

రేవుపిల్ల
ఇంకో రెండు. కోరంగిలో పగటి షికారుకి వెళ్ళినప్పుడు తిల్ల చెట్టు కొమ్మలు విరవకండి, పాలు కారతాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఆ చెయ్యి కడుక్కోకుండా కళ్ళు నులుముకోవడం కూడా అంతే. మడ చెట్ల కింద బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళుంటాయి, వట్టి కాళ్ళతో దిగితే అరికాలు చీరుకుపోతుంది. మెత్తటి కాన్వాసు బూట్లు వేసుకోండి, లేసులు గట్టిగా. వంటకి మడ కట్టెలు కొట్టకండి, చిన్న గ్యాస్ స్టవ్ తీసుకెళ్ళండి.

పంటు_కోసం_పరుగు
దోమల సంగతి?

భైరవపాలెం_బుల్లోడు
సంజె పడ్డాక గంటన్నర దోమల టైము. ఆ టైములో గాలి తగిలే మేట మీద ఉండండి. దోమతెర లేకుండా వచ్చేవాళ్ళని మేం గుర్తుపట్టేస్తాం, ఒళ్ళంతా చరుచుకుంటూ కనపడతారు.

లంకపొలం_శీను
ఇప్పటిదాకా తేలింది ఇది: జనవరి చివర, అష్టమి దగ్గర. కోటిపల్లి నుంచి చెక్క నావ, ఇంజను ఉంటుంది కానీ కప్పేసి ఉంచుతాం. ఎయిర్‌గన్ రాదు. కోరంగికి అటవీ శాఖని అడిగి ఒక పగలు. గాలి కోసం ఒక రోజు ఖాళీ, అందుకని రైలు మార్చాలి. సముద్రం సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ సైటులో పోటు పాటు టైములు, అలల అంచనా చూస్తాను. ఇంకేమన్నా మిగిలిందా?

రిటైర్డు_లస్కరు
మనిషి మిగిలాడు. నావ మాట్లాడగానే సరిపోదు, నావ నడిపేవాడు కూడా ఆ రేవువాడే అయ్యుండాలి. మేటలు ఏటేటా కదులుతాయి, పోయినేడు నీరున్న చోట ఇప్పుడు కొబ్బరి మట్టలు ఎండుతుంటాయి. మీరు తెడ్డు వెయ్యండి, చుక్కాని మాత్రం వాడికి వదిలెయ్యండి. కూలి బేరం ఆడకండి.

మిన్నెసోటా_బావ
ఒప్పుకుంటున్నాను మాస్టారూ. బౌండరీ వాటర్స్ నాకు తెలుసు కానీ గౌతమి నాకు తెలీదు.

భైరవపాలెం_బుల్లోడు
కోటిపల్లి వైపు మా మేనమామ కొడుకు ఉన్నాడు, తాగడు, ఈత గట్టిగా వచ్చు. తిథి ఖాయం చేసుకున్నాక ఇక్కడే రాయండి, వాడి చేత మాట్లాడిస్తాను. నలుగురిలో ఎవరికి ఈత రాదో కూడా అప్పుడే చెప్పాలి.

లంకపొలం_శీను
ఇద్దరికి రాదు.

భైరవపాలెం_బుల్లోడు
అయితే జనవరికి ఇంకా టైముంది. ఊళ్ళో చెరువులో మొదలుపెట్టమనండి.